తోమిన రేకు

గాలిలోకి వదిలే రబ్బరు బుగ్గలోకి గ్యాస్ ఎక్కుతున్నంతసేపు గౌస్ పాషా నోరు విప్పడు. ఒక చెయ్యి సిలిండర్ మర మీద, ఒక చెయ్యి రబ్బరు మెడ మీద ఉంచి, మోకాళ్ల మీద కూర్చుని చెవితో పని చేస్తాడు. గ్యాస్ సద్దు మారితే మర తిప్పుతాడు. గద్వాల కోట వెనక మైదానంలో మూగిన జనం కూడా అతన్ని చూసి మాటలు తగ్గించారు. బుగ్గ మనిషెత్తు దాటి, గోనెపట్టా మీంచి లేచి ఊగడం మొదలుపెట్టింది. మర కట్టేసి, మెడకు దారం చుట్టి, అప్పుడు నోరు తెరిచాడు.

"సాబ్, గీ మూడోది గూడ పాయెనంటే మనం గద్వాల చీరెలు కొనుక్కొని ఇంటికి పోవుడే."

"ముందు ముడి చూసుకో మియా" అన్నాడు నిజాముద్దీన్.

అతను హైదరాబాదు వేధశాలలో గాలులను కొలిచే మనిషి. గొడుగు నీడలో పీట మీద కూర్చుని డబ్బీలో రేకు బిగిస్తున్నాడు. డబ్బీ అంటే జానెడు అల్యూమినియం గొట్టం. అందులో గాలి బరువుకు ముడుచుకునే పెట్టె ఒకటి, చలికి వంగే పట్టీ ఒకటి, వాటి కొసన సూది. సూది ముందర తపాలా బిళ్లంత రేకు. రేకుకు వెండి పూత, పూత మీద దీపపు మసి. డబ్బీ పైకి పోతుంటే సూది ఆ మసిలో గీత గీస్తుంది. నిజాముద్దీన్ చిమటాతో రేకును అంచు పట్టి లోపలికి జరిపి, మర తిప్పి, ఊపిరి బిగబట్టి సూదిని ఆనించాడు. మూత నొక్కి, దొరికినవాళ్ల కోసం పైన చీటీ అంటించాడు. వెదురుబద్దలతో కట్టిన గూటి నడుమ డబ్బీని వేలాడదీశాడు. ఆ గూడు ఉంటే డబ్బీ రాయి మీద పడ్డా పగలదు.

జనంలోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చాడు. రుమాలు కింద వేలు పెట్టి తల గోక్కుంటూ అడిగాడు.

"సారూ, గిది ఏడికి పోతది?"

"పైకి."

"పైకంటే ఏడిదాక?"

"పగిలేదాక. పగిలినంక డబ్బి కింద పడ్తది. గాలి ఎటు కొడితే అటు. వనపర్తి దిక్కు పడొచ్చు, నాగర్‌కర్నూల్ దిక్కు పడొచ్చు."

"మరి నీకెవరిస్తరు?"

"దొరికినోళ్లు ఇస్తరు."

ముసలాయన జనం వైపు తిరిగాడు. "దొరికినోళ్లు ఇస్తరంట" అన్నాడు. జనం నవ్వారు. నిజాముద్దీన్ కూడా నవ్వాడు. అతని పని మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

గౌస్ పాషా దారం వదిలాడు. బుగ్గ కోట గోడ దాటి, బురుజు దాటి లేచింది. నిజాముద్దీన్ దుర్బిణికి కన్ను ఆనించి దాని రెండు కోణాల చక్రాలనూ రెండు చేతులతో తిప్పుతూ దాని వెంట పోయాడు. గౌస్ పాషా గడియారం చూసి "ఆఁ" అన్నప్పుడల్లా కోణాలు చెప్పాడు. గౌస్ పాషా పలక మీద రాశాడు. జనం ఒక్కొక్కరే పోయారు. ముసలాయన కూడా పోయాడు. బుగ్గ చుక్క అయి, ఆ చుక్క కూడా కంటికి ఆనకుండా పోయాక నిజాముద్దీన్ నడుం పట్టుకుని లేచాడు.

"తూర్పు. జర ఉత్తరానికి మర్లింది."

ఆ వారం దేశదేశాల్లో ఇలాంటి బుగ్గలు లేస్తున్నాయి. రోజులు ముందే అనుకున్నవి; గద్వాలలో మూడు రోజులు, రోజుకొకటి. ఎవరి ఊళ్లో వాళ్లు పైకి పంపి, చేతికి వచ్చిన రేకుల మీది గీతలు కొలిచి, అంకెలు ఒకచోటికి చేరవేస్తారు. అన్నీ కలిపి పుస్తకం వేస్తారు. ఆ పుస్తకం మీద ఎవరి హక్కూ లేదు. సముద్రం అవతల ఎవరో ఒకతను రుతుపవనాల లెక్క వేస్తూ గద్వాల వరుస తీసి చూస్తాడు. నిజాముద్దీన్ అతన్ని ఎప్పుడూ చూడడు. అతనికీ ఈ కోట, ఈ మైదానం తెలియవు. ఆ వరుసలో అంకెలు ఉంటాయా, అడ్డగీత ఉంటుందా అన్నదే సంగతి. గద్వాల పేరు ఆ పుస్తకంలో చేరడం ఇదే మొదటిసారి. ఒక్క రేకైనా రాకపోతే మళ్లీ ఇక్కడికి సిలిండర్లు రావని చెప్పే పైఅధికారి ఈ ఇద్దరినీ రైలెక్కించాడు.

"ఇస్తరా సాబ్?" అన్నాడు గౌస్ పాషా పలక తుడవకుండా పక్కన పెడుతూ.

"ఇస్తరు" అన్నాడు నిజాముద్దీన్.

రెండు రోజులు ఆగి, కృష్ణ వంతెన దాటే రైల్లో ఇద్దరూ వనపర్తి రోడ్డు స్టేషన్‌కు బయలుదేరారు. వంతెన ఇవతల స్టేషన్లోనే మొదటి బుగ్గ సంగతి తెలిసింది. పుట్టి నడిపే మనిషి చిరిగిన రబ్బరును, రెండు వెదురుబద్దలను స్టేషన్ మాస్టరుకు అప్పగించి పోయాడు. డబ్బీ నీళ్లలో మునిగిపోయిందట. నిజాముద్దీన్ రబ్బరును వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. పగిలిన తీరు బాగానే ఉంది, బాగా పైకి పోయి పగిలింది. దాన్ని మడిచి సంచిలో వేసుకున్నాడు.

రెండో దాని జాడ లేదు. వనపర్తి కచ్చేరీలో మూడోదాని కబురు ఉంది. పాన్‌గల్ దాటాక వచ్చే బోడగుట్టపల్లె నుంచి పోలీస్ పటేల్ మనిషిని పంపాడు. కచ్చేరీ జవాను రాములు ఆ కబురును కంఠతా పట్టినట్టు చెప్పాడు.

"డబ్బి దొరికింది. చెడగొట్టిన మనిషిని గూడ పట్టి పెట్టినం. ఠాణా అమీన్ సాబ్ వస్తుండు. మీరొచ్చి సర్కారుకు ఎంత నుక్సాన్ అయిందో చెప్తే, కేసు కడ్తరు."

"చెడగొట్టుడంటే ఏం చేసిండు?"

"గది నాకు తెల్వదు సాబ్. పటేల్ గట్ల చెప్పుమన్నడు, చెప్పిన."

కచ్చురం బండి మాట్లాడుకుని బయలుదేరారు. బాటకు అటూ ఇటూ జొన్న కంకి మీద ఉంది. చేలల్లో మంచెల మీద పిట్టలు కొట్టేవాళ్లు బండిని చూసి ఒడిసెల ఆపి నిలబడ్డారు. గౌస్ పాషా బండి కుదుపుకు దుర్బిణి పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తున్నాడు.

"సాబ్, నాకొకటి తోస్తున్నది. వచ్చేసారి డబ్బికి ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు, నల్లదారం కడ్తం. ఎవ్వడు ముట్టడు."

"ముట్టకుంటే తెచ్చిచ్చేదెవరు?"

గౌస్ పాషా ఒళ్లో పెట్టెను సర్దుకున్నాడు. "గది గూడ నిజమే" అన్నాడు.

బోడగుట్టపల్లె చావడి ఊరి మొదట్లోనే ఉంది. అరుగు మీద కుర్చీ వేసి ఉంది. అరుగు చివర ఒక మనిషి నేల మీద కూర్చుని ఉన్నాడు. అతని కుడికాలు బొండకొయ్యలో ఉంది. మొద్దుకు తొలిచిన బెజ్జంలో కాలు పెట్టించి, పైన ఇంకో మొద్దు వేసి, చీల కొట్టారు. మడమ దగ్గర చర్మం లేచింది. బాటకు అవతల ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చావడి నీడ బాట దాకా పడుతున్నా వాళ్లు ఎండలోనే ఉన్నారు.

బుచ్చన్న పటేల్ ఎదురొచ్చి సలాం చేశాడు. "రాండ్రి సాబ్, రాండ్రి. మజ్జిగ తాగుండ్రి ముందు. ఎండలవడి వచ్చిండ్రు."

"డబ్బి చూస్త."

"చూద్దురు గని, అది ఏడికి పోతది?" అంటూనే పటేల్ లోపలికి పోయి ఇత్తడి పళ్లెంలో తువ్వాల వేసి, దాని మీద గొట్టం పెట్టి తెచ్చాడు. "అగో, వాడే. ఆశీర్వాదం. మాలవాడల ఉంటడు. వాని చేన్ల పడ్డది సర్కారు సామాను. నాకు తెచ్చిచ్చిండు, మంచిదే. చూస్తే సూది విరిగి ఉన్నది. అదేందిరా అంటే తెల్వదు అంటడు. నేనేం చేసేది? పట్టి పెట్టిన."

నిజాముద్దీన్ పళ్లెం మీంచి గొట్టం తీసుకున్నాడు. అల్యూమినియం అద్దంలా ఉంది. వేధశాలలో కొత్తగా వచ్చినప్పుడు కూడా అది అంత మెరవలేదు. అతను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చింతపండు వాసన. మూత తీశాడు. సూది కొస విరిగి ఉంది, గాలి పెట్టె మూలల్లో బూడిద ఉంది. చిమటాతో రేకును బయటికి లాగి ఎండకు పట్టాడు. మసి లేదు. రేకు మీద గౌస్ పాషా గడ్డం కనిపించింది.

గౌస్ పాషా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నిజాముద్దీన్ జేబులోంచి భూతద్దం తీశాడు. వెండి పూత మీద గీతలు ఉన్నాయి. సూది గీసినవి కావు. గుండ్రంగా ఒకదాని మీద ఒకటి, అంచు నుంచి నడుమకు, నడుమ నుంచి అంచుకు. ఎవరో బొటనవేలితో ఇసుక పెట్టి ఓపికగా రుద్దారు. వాటి కింద ఇంకో గీత మిగిలిందా అని అతను రేకును తిప్పి తిప్పి చూశాడు. మూడోరోజు గద్వాల మీది గాలి అంతా ఆ రేకు మీద ఉండేది. ఇప్పుడు లేదు.

అతను భూతద్దం మడిచాడు.

"ఎవరు తోమింది?"

"నేనే దొరా" అన్నాడు ఆశీర్వాదం.

"ఆయన గాదు సారు." బాట అవతల ఉన్న ఇద్దరిలో చిన్నది లేచి నిలబడింది. "నేను తోమిన. బాలమణిని. ఆయన పెండ్లాన్ని."

"నువ్వు నోర్ముయ్యే" అన్నాడు పటేల్.

"నోరు మూసుకుంటే ఆయన కాలు ఊడొస్తదా పటేలా? నిన్నటి సంది మూసుకొనే ఉంటిని గదా."

"చెప్పు" అన్నాడు నిజాముద్దీన్. "ఇటు వచ్చి చెప్పు."

బాలమణి బాట దాటలేదు. అక్కడి నుంచే గొంతు పెంచింది.

"మేం మంచె మీదుంటిమి సారు. మీదికెంచి పడ్డది. పిట్ట పడ్డట్టే పడ్డది. ఈయన తీసిండు. మొన్న టముకు ఏసిండ్రు గదా, గసొంటిది దొరికితే సర్కారుది, దాస్తే జైలని. అప్పుడే ఉరికొచ్చి పటేల్ వాకిట్ల పెట్టినం. పటేల్ చూసి, ముట్టలే. మీ చెయ్యి పడ్డది, నేనెట్ల ముట్టాలె, సర్కారోళ్లెట్ల ముట్టాలె, తీస్కపోయి లోపల బయట తోమి తెండ్రి అన్నడు. ఇంట్ల చింతపండు లేకుంటే అడుక్కొచ్చుకున్న. మొగోని చేతులకు వచ్చే పని గాదు గదా అని నేనే కూసున్న. బయటిది జల్దే తెల్లగైంది. లోపలి రేకుకు మసి పట్టి ఉండె. పోనే పోదు. బూడిద ఏసిన, ఇసుక ఏసిన. పోయేదాక తోమిన సారు."

చెప్పడం అయిపోయాక ఆమె తన చేతులు చూసుకుంది.

పటేల్ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. "ఆనవాయితీ సాబ్" అన్నాడు. "మా ఇంటి చెంబైనా గంతే. వాళ్లకాడికి పోయొస్తే తోమకుండ లోపలికి రాదు. నేను కొత్తగ పెట్టింది గాదు. సూది ఇరగ్గొట్టుమని నేను చెప్పిన్నా?"

"చెప్పలే."

"మరి? అమీన్ సాబ్‌కు మీరు ఒక ముక్క రాసిస్తే అయిపాయె. ఫలానోడు చెడగొట్టిండని."

నిజాముద్దీన్ కుర్చీలో కూర్చోలేదు. అరుగు అంచున, బొండకొయ్య పక్కన కూర్చుని సంచి తెరిచాడు. విరిగిన సూదిని కాగితంలో చుట్టాడు, రేకును దూది మధ్య పెట్టి చిన్న పెట్టెలో వేశాడు. గొట్టంలోని బూడిదను అరచేతిలో దులుపుకున్నాడు. అన్నీ ఉన్నాయి. ఒక్క మర కూడా తగ్గలేదు. బాలమణి తోమినవి తోమినట్టే ఏరి, మళ్లీ ఎక్కడివక్కడ పెట్టే ప్రయత్నం చేసింది. చలి పట్టీని తలకిందులుగా పెట్టింది, అంతే.

"పటేల్‌గారు, సామాను మొత్తం ముట్టింది. ఏది పోలేదు. సర్కారుకు ఫిర్యాదు లేదు. అమీన్ సాబ్‌కు నేను గిదే రాసిస్త."

"అదెట్ల సాబ్? చెడింది గదా?"

"చెడింది. ఎందుకు చెడిందో గూడ నేను రాయాలె. అమీన్ సాబ్‌కు గాదు, మా వాళ్లకు."

"మీ వాళ్లంటే హైదరాబాదోళ్లా?"

"హైదరాబాదు, పూనా, లండన్, జపాన్. ఇసొంటి డబ్బిలు లేపేటోళ్లందరు. మా పుస్తకంల ఒక్కొక్క డబ్బికి ఒక్కొక్క వరుస ఉంటది. ఏ ఊర్ల పడ్డది, ఏ హాలత్‌ల దొరికింది, రేకు ఖరాబైతే ఎట్ల ఖరాబైంది. అన్ని రాస్తం."

బుచ్చన్న పటేల్ ఆ పుస్తకం తన ముందు ఉన్నట్టు కిందికి చూశాడు. "మా ఊరి పేరు పడ్తదా?"

"పడ్తది."

"నా పేరు?"

"ఎవరి పేరు పడాలె?"

 తలారి వెంకటన్న గోడకు ఆనుకుని చీల కొట్టే సుత్తెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"సాబ్, ఇయ్యాల వచ్చిండ్రు, రేపు పోతరు" అన్నాడు పటేల్ గొంతు తగ్గించి. "నేను వీళ్లతోని ఈడ ఉండాలె. పడి చెడిందని రాసేయుండ్రి. ఆకాశంకెంచి పడ్డదాయె, చెడదా? ఎవ్వరి పేరు అవసరం లేదు. మీకు బాధ లేదు, నాకు బాధ లేదు."

గౌస్ పాషా నిజాముద్దీన్ వైపు చూశాడు. మాట వినడానికి బాగానే ఉంది. పడేటప్పుడు చెడిన డబ్బీలు ప్రతిసారీ ఉంటాయి. పైఅధికారి కూడా ఇంకేమీ అడగడు.

"లేదు పటేల్‌గారు" అన్నాడు నిజాముద్దీన్. "పడి చెడిందని రాస్తే మా వాళ్లు గూడు గట్టిగ కడ్తరు. గూడు మంచిగనే ఉన్నది. ఇంకో దేశంల ఇంకో ఇల్లాలు ఇంకో రేకు తోముతది. తోమినందుకు పోయిందని రాస్త. ఎవరు తోమమన్నరో రాయను. అది పుస్తకంల మాట. ఊర్ల మాట వేరు. ఊర్ల ఈ ఆశీర్వాదం నాకు కావాలె. వచ్చే ఏడు మళ్ల బుగ్గలు లేపుతం. గాలి ఇటే కొడ్తది. ఈ దిక్కు పడ్డ డబ్బిలు ఏరి వనపర్తి కచ్చేరీకి చేర్చే మనిషి ఈయన అని కచ్చేరీల చెప్పిపోత. వచ్చినప్పుడల్లా ఈయన్ని పిలిపిస్త. కాలు మంచిగుండాలె."

పటేల్ బాట వైపు చూశాడు. తర్వాత వెంకటన్నకు సైగ చేశాడు.

వెంకటన్న చీల మీద సుత్తెతో కింది నుంచి కొట్టాడు. మొదటి దెబ్బకు కదల్లేదు. గౌస్ పాషా పోయి పై మొద్దు ఎత్తి పట్టుకున్నాడు. చీల ఊడి అరుగు కింద పడింది. ఆశీర్వాదం రెండు చేతులతో కాలును ఎత్తి బయటికి తీసుకున్నాడు. లేచి, ఒక్క కాలి మీద నిలబడి, రెండోది ఆనించి చూసుకున్నాడు.

"మజ్జిగ తాగిపోండ్రి సాబ్" అన్నాడు పటేల్.

"తాగుత" అన్నాడు నిజాముద్దీన్. "ఈయనకు గూడ ఇప్పియ్యండ్రి."

మజ్జిగ రెండు చెంబుల్లో వచ్చింది, ఒక దొప్పలో వచ్చింది. నిజాముద్దీన్ ఆ దొప్పను చూశాడు. అమీన్‌కు ఇవ్వవలసిన కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసి, చదివి వినిపించి, పటేల్‌కు ఇచ్చాడు.

బండి ఊరు దాటి మలుపు తిరిగేసరికి వెనక నుంచి పిలుపు వినిపించింది. బాట అవతల కూర్చున్న ఇద్దరిలో పెద్దామె. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని ఉరికి వస్తోంది. బండి ఆగింది. ఆమె చక్రం దగ్గరికి రాకుండా కొంచెం ఎడంగా నిలబడి ఊపిరి తీసుకుంది.

"నేను ఆశీర్వాదం అక్కను సారు. ఏసమ్మను. నన్ను నాగర్‌కర్నూల్ తోవల ఇచ్చిండ్రు."

"చెప్పమ్మా."

"మా ఊల్లె గూడ ఒకటి పడ్డది."

గౌస్ పాషా బండిలోంచి దూకబోయి దుర్బిణి పెట్టె గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఏమైంది దానికి? ఎవరికిచ్చినవు?" అన్నాడు నిజాముద్దీన్.

"ఎవ్వరికియ్యలే. ఇద్దామనే అనుకున్న. మా పటేల్‌కు చెప్దామని బయటికెల్లంగనే మా తమ్మున్ని మొద్దుల పెట్టిండ్రని కబురొచ్చె. వచ్చి చూస్తే నిజమే. ఇగ ఎవరిస్తరు సారు?"

నిజాముద్దీన్‌కు గద్వాల ముసలాయన గుర్తొచ్చాడు. మరి నీకెవరిస్తరు అన్నాడు. ఆ రోజు తాను చెప్పిన జవాబు సగమే. డబ్బీ మీది చీటీలో, దొరికినవాళ్లు దగ్గరలోని పోలీస్ పటేల్‌కు అప్పగించాలని మూడు భాషల్లో రాసింది తానే.

"ఇప్పుడేడ ఉన్నది?"

"పిడకల గూట్ల."

"బండి ఎక్కమ్మా, పోదాం."

ఏసమ్మ బండిని చూసింది, బండివాడిని చూసింది. బండివాడు మల్లేశ్ ఎద్దుల వైపు చూశాడు. "నేను నడుస్త సారు. మీరు పోనియ్యండ్రి" అంది. నిజాముద్దీన్ బండి దిగి ఆమె పక్కన నడవడం మొదలుపెట్టాడు. కొంతదూరం పోయాక గౌస్ పాషా కూడా దిగాడు. దుర్బిణి పెట్టె ఒక్కటే బండిలో పోయింది. అది చూసి మల్లేశ్ వెనక్కి తిరిగి, "ఎక్కమ్మా, ఎక్కు. వీళ్లు నడిచి సచ్చేటట్టున్నరు" అన్నాడు. ఏసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక అంచున ఎక్కి కూర్చుంది.

ఆ రాత్రికి పాన్‌గల్‌లో ఆగి, తెల్లవారాక ఆమె ఊరు చేరారు. ఏసమ్మ ఇల్లు ఆముదం చేను అంచున ఉంది. ఇంటి పక్కన పిడకలు గుండ్రంగా పేర్చి, పైన గడ్డి కప్పి, మట్టి మెత్తిన గూడు. ఆమె కింది వరుసలోంచి పిడకలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. మోచెయ్యి దాకా లోపలికి పోనిచ్చి, గోనెముక్క చుట్టిన డబ్బీని లాగింది. వాకిట్లోకి తెచ్చి, నేల మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది.

నిజాముద్దీన్ వంగలేదు.

"చేతికియ్యి అమ్మా."

ఏసమ్మ కదల్లేదు. "తోమలే సారు" అంది. "మురికి ఉన్నది. పేడ అంటింది. జర ఆగితే గోనె తీసి తుడిచి..."

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఏసమ్మ అదిరిపడింది. గౌస్ పాషా రుమాలుతో మొహం కప్పుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగక పిడకల గూటికి ఆనుకున్నాడు. ఏసమ్మకు కూడా నవ్వు వచ్చింది, ఎందుకో తెలియకపోయినా. ఆమె వంగి డబ్బీని తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. నిజాముద్దీన్ రెండు చేతులు చాపాడు. ఆమె పైనుంచి వదలబోయింది. అతను చేతులు ఇంకా ముందుకు పెట్టాడు. ఆమె వేళ్లు అతని అరచేతికి తగిలాయి. డబ్బీ చేతులు మారింది.

గోడ నీడలో కూర్చుని గోనె విప్పాడు. వెదురు గూడు ఒక పక్క నలిగింది. మూత గట్టిగా ఉంది. మూత చుట్టూ పేడ అంటుకుని, లోపలికి గాలి కూడా పోకుండా ఎండింది. గోటితో దాన్ని ఊడదీసి, మూత తిప్పాడు. చిమటా లోపలికి పోనిచ్చి, సూదిని ఎత్తి, రేకును అంచు పట్టి లాగాడు.

రేకు నల్లగా ఉంది. నలుపు మీద గీత ఉంది.

అతను భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. గౌస్ పాషా కూడా చూశాడు. చూసి, తల మీద రుమాలు సర్దుకుని, "అల్‌హందులిల్లా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. గ్యాస్ నింపేటప్పుడు తప్ప అతను అంతసేపు మాట్లాడకుండా ఉండడం నిజాముద్దీన్ చూడలేదు.

"నేను చూడొచ్చా సారు?" అంది ఏసమ్మ.

నిజాముద్దీన్ రేకును చిమటాతో పట్టుకుని, భూతద్దం ఆమె కంటి ముందు పెట్టాడు. ఆమె ఒక కన్ను మూసుకుంది. మూయాల్సింది రెండోదని తెలిసి, మార్చుకుంది.

"ఎంటిక లెక్క ఉన్నది."

"గదే. కింద మొదలైతది చూడు, అది గద్వాల. మీదికి పోయిన కొద్ది సలి పెరిగింది, గీత ఇటు వంగుకుంట పోయింది. గీడికొచ్చినంక వంగుడు ఆగి, నిలువుగ లేసింది. ఆడికి సలి పెరుగుడు ఆగింది."

"మా ఊరి మీద ఉన్నదా గంత సలి?"

"ఉన్నది. ఇప్పుడు గూడ ఉన్నది."

ఏసమ్మ భూతద్దం వదిలి మెడ ఎత్తి పైకి చూసింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి దించి అడిగింది.

"మా బాలమణి తోమినదాని మీద గూడ గిట్లనే ఉండెనా?"

"అది ఇంకో దినం సంగతి. గిట్లనే ఉండెనో, వేరేగ ఉండెనో తెల్వదు."

"మీకు గూడ తెల్వదా?"

"ఎవ్వరికి తెల్వదు. ఆ దినం మల్ల రాదు గదా."

ఆమె పిడకలు తిరిగి పేర్చడానికి గూటి దగ్గరికి పోయింది.

నిజాముద్దీన్ సంచిలోంచి రెండు కవర్లు తీశాడు. నల్ల రేకును దూదిలో పెట్టి ఒక దానిలో వేసి, పైన రాశాడు. గద్వాల, రెండవ రోజు. గీత పూర్తిగా ఉంది. దొరికింది ఏసమ్మకు. తర్వాత తెల్ల రేకును తీసి రెండో దానిలో పెట్టబోతుంటే గౌస్ పాషా అడ్డం వచ్చాడు.

"గది గూడనా సాబ్? దాంట్ల ఏమున్నది, వాళ్లు చూసెటందుకు?"

"ఎట్ల పోయిందో వాళ్లు గూడ చూడాలె మియా. భూతద్దం పెడ్తే తెలుస్తది. ఇగ చీటీ గూడ మార్చాలె. మూత తీయొద్దు, తోమొద్దు, పటేల్‌కే గాదు, ఎవ్వరికైనా ఇయ్యొచ్చని. చదువు రానోళ్లకు టముకుల గూడ గదే చెప్పాలె. జైలు మాట తీసేయాలె. అందరికి రాస్త, పూనాకు గూడ."

అతను రెండో కవరు మీద రాసి, సిరా ఆరేదాకా పట్టుకున్నాడు. ఏసమ్మ పిడకల మీద గడ్డి కప్పి, చేతులు దులుపుకుంటూ వచ్చి నిలబడింది.

"దాని మీద ఏం రాసినవు సారు?"

నిజాముద్దీన్ చదివాడు. "గద్వాల, మూడవ రోజు. గీత లేదు. దొరికిన తర్వాత తోమినందున పోయింది."

"గది గూడ లండన్ సీమకు పోతదా?"

"పోతది."

ఏసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "బాలమణికి చెప్త" అంది. "నువ్వు తోమింది సీమల దొరలు అద్దాలు పెట్టుకొని చూస్తుండ్రంట, ఇగ పటేల్ చెంబులకు జర తక్కువ తోముమని."